బస్తీని పిలవని సభలు

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఒక రాష్ట్రం మొత్తానికి ఇలాంటి విధానం రావడం దేశంలో అదే మొదలు. ఇంటి కప్పు ఎండను పీల్చుకోకుండా వెనక్కి కొట్టేలా తెల్లటి పూతో, టైల్సో, షీటో వేయించాలన్నది అందులోని సంగతి. ఐదేళ్లలో రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులు ఇలా మారాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. నగరంలో చెట్ల గురించీ చెరువుల గురించీ వాతావరణ మార్పు గురించీ మాట్లాడే మా సంఘాలన్నీ సంతోషించాయి. పత్రికలకు వ్యాసాలు రాశాం, సభలు పెట్టాం, అపార్ట్‌మెంట్ల డాబాల మీద తెల్ల రంగు వేయించి ఫొటోలు పంచుకున్నాం.

ఆ విధానంలో ఒక నిబంధన ఉంది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు కూల్ రూఫ్ తప్పనిసరి. ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికి మాత్రమే తప్పనిసరి. అంతకంటే చిన్న ఇంటివాళ్లు ఇష్టమైతే వేసుకోవచ్చు. అంతకంటే చిన్నవంటే హైదరాబాద్ ఇళ్లలో అత్యధికం. ప్రభుత్వ స్థలాల్లో ఇళ్లు వేసుకున్న పేదలకు 2014లో జీవో 58 కింద ఉచితంగా క్రమబద్ధీకరించింది 125 గజాల వరకు. అంటే పేదవాడి ఇల్లు ఎంత ఉంటుందో సర్కారు దగ్గర లెక్క ఉంది. 125 గజాలకూ 600 గజాలకూ మధ్య ఎవరు పడిపోయారో చూడాల్సిన వాళ్లం మేం. ఆ పత్రం మేం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాం. ఒక్క సంఘమైనా ఆ నిబంధన మీద ప్రభుత్వానికి ఒక్క ఉత్తరం రాయలేదు.

తెలియక కాదు. 2017లోనే హైదరాబాద్‌లో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి పరీక్షించారు. లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గిందని తేలింది. ఆ ఫలితాన్ని మా సభల్లో తెర మీద చూపించాం కూడా. రేకుల ఇంట్లో రెండు డిగ్రీలంటే పసిపిల్ల రాత్రి పడుకోవడానికీ పడుకోలేకపోవడానికీ ఉన్న తేడా. పేదల ఇళ్ల మీద నేర్చుకున్న పాఠం పెద్ద ఇళ్లకు నిబంధన అయింది, చిన్న ఇళ్లకు సలహాగా మిగిలింది. అది మాకు వింతగా కూడా తోచలేదు.

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రేకుల ఇంట్లోకి వెళ్లినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్యాన్ వేస్తే రేకుల కింద పేరుకున్న వేడి నేరుగా నెత్తి మీదికి దిగుతుంది. మూసీ పక్క బస్తీల్లో చాలామంది ఏం చేస్తారంటే, ఎన్నికలకో పుట్టినరోజులకో కట్టిన పాత ఫ్లెక్సీలు తెచ్చి, బొమ్మ ఉన్న వైపు కిందికి, తెల్లటి వైపు పైకి వచ్చేలా రేకుల మీద పరుస్తారు. ఎగిరిపోకుండా పాత టైర్లు, రాళ్లు పెడతారు. నల్లా వచ్చిన రోజు గోనెసంచులు తడిపి పైన వేస్తారు. తెలుపు ఎండను వెనక్కి పంపుతుందని వాళ్లకు ఏ విధాన పత్రమూ చెప్పలేదు. మేం లక్షలు ఖర్చుపెట్టి కన్సల్టెంట్ల చేత చెప్పించుకున్న మాటను వాళ్లు ఫ్లెక్సీతో చేసి చూపించారు. ఆ ఫ్లెక్సీలు మా కంట పడినప్పుడల్లా ప్లాస్టిక్ వాడకం గురించి ఉపన్యాసం ఇచ్చాం.

ఆ ఇల్లే చాలామందికి పని చేసే చోటు కూడా. లాడ్ బజార్ అద్దాల వెనక మెరిసే లక్క గాజులు పాతబస్తీ గదుల్లో బొగ్గుల కుంపటి పక్కన తయారవుతాయి. మగ్గం పనివాళ్లు కిటికీ లేని గదుల్లో రోజంతా వంగి కూర్చుంటారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు దగ్గర దగ్గర రెండు వేల మంది పోయారు. ఆ తర్వాత వడగాడ్పుల ప్రణాళికలు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచి నిర్ణయం. కానీ ఎండలో పనిచేసేవాళ్ల గురించి మాట్లాడినంతగా ఇంట్లోనే ఉడికిపోయేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది మేమే. వాళ్ల గదుల్లో ఒక పూట కూర్చుని ఉంటే ఆ మాట మా నోటికి వచ్చేది.

మా సభలు ఎలా జరుగుతాయో చెప్పాలి. ఆదివారం పొద్దున ఏడింటికి, టికెట్ కొని లోపలికి వెళ్లే పార్కులోనో, కారు లేనిదే చేరలేని ఆడిటోరియంలోనో. ఆదివారం పొద్దున ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మిగతా రోజులకంటే పని ఎక్కువ, ఎందుకంటే ఆ రోజు ఇళ్లలో అందరూ ఉంటారు. కరపత్రం ఇంగ్లిష్‌లో, ఓపిక ఉంటే తెలుగులో. తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది 2017లో. చార్మినార్ ఉన్న నగరంలో వాతావరణం గురించి ఉర్దూ కరపత్రం వేయాలన్న ఆలోచన మాకు రావడానికి ఏళ్లు పట్టింది. వచ్చాక కూడా తెలుగు కరపత్రాన్ని అనువాదం చేయించి ఊరుకున్నాం. అందులో ఏముందంటే, ఏసీ 26 డిగ్రీల మీద పెట్టుకోండి, వారానికి ఒక రోజు కారు మానండి, బాల్కనీలో కంపోస్టు చేసుకోండి, డాబా మీద సోలార్ పెట్టించుకోండి. ఏసీ లేని, కారు లేని, బాల్కనీ లేని, డాబా తనది కాని మనిషికి ఆ కాగితం ఏ భాషలో ఇస్తే ఏం?

2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనంలో దాదాపు మూడో వంతు బస్తీల్లో ఉన్నట్టు తేలింది. బస్సెక్కి, నడిచి, పాతవి రిపేరు చేయించుకుని, చిత్తు కాగితం కూడా పారేయకుండా బతికే జనం వాళ్లు. గాలిలోకి తక్కువ పొగ వదిలేదీ వాళ్లే, ఎండకూ వానకూ ముందు దెబ్బ తినేదీ వాళ్లే. ఆ జనానికి పొదుపుగా బతకడం నేర్పడానికి మేం బయల్దేరాం.

చెరువు శుభ్రం చేసే కార్యక్రమాలకు మాత్రం బస్తీ వాళ్లను తప్పకుండా పిలిచాం. కట్ట మీద బ్యానరు, టోపీలు, గ్లవ్స్, అరటిపళ్లు, నీళ్ల సీసాలు. బురదలోకి దిగింది ఎప్పుడూ పక్క బస్తీ కుర్రాళ్లే. గుర్రపు డెక్కలో ఎక్కడ కాలు పెడితే కూరుకుపోతామో, ఎక్కడ గాజుపెంకులుంటాయో వాళ్లకు తెలుసు. నడుం లోతు నీళ్లలో నిలబడి డెక్కను మోపులు కట్టి ఒడ్డుకు లాగుతుంటే మేం గట్టు మీద నుంచి ఇటు, అటు అని చేతులు ఊపాం. మధ్యాహ్నానికి పది ట్రాక్టర్ల చెత్త బయటపడింది. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. ఆ తర్వాత చెరువుకు కమిటీ వేసుకున్నాం. రిటైరైన ఇంజినీర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. నీళ్లలోకి దిగిన కుర్రాళ్లలో ఒక్కడి పేరూ అందులో లేదు. చెరువు ఎప్పుడు నిండుతుంది, తూము ఎక్కడ పూడింది, రాత్రిపూట ట్యాంకర్ వచ్చి ఏం వదిలిపోతుంది, ఇవన్నీ తెలిసినవాళ్లు వాళ్లు. ఏడాదికి కమిటీ మొదటి డిమాండు తయారైంది. చెరువు చుట్టూ కంచె వేసి, వాకింగ్ ట్రాక్ కట్టి, టికెట్ పెట్టి, ‘బయటివాళ్లు’ రాకుండా కాపలా పెట్టాలి. బట్టలు ఉతికేవాళ్లు, గేదెలు కడిగేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు బయటివాళ్లయ్యారు. ఒక్క చెరువు దగ్గర ఇలా జరిగి ఉంటే పొరపాటనుకోవచ్చు. మేం తిరిగిన చెరువుల్లో చాలావాటి కథ ఇదే.

బస్తీ చేతులు మాకు కావలసి వచ్చాయి, బస్తీ మాట అక్కర్లేకపోయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న నేరం ఇదే, మిగతావన్నీ దీని కొమ్మలు.

2020 అక్టోబరు 13న వాన పడింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. ఆ రాత్రి పల్లె చెరువు కట్ట తెగి అలీనగర్ మీద పడింది. ఒకే కుటుంబం మనుషులు ఒకరి వెనక ఒకరు కొట్టుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. జల్‌పల్లి దగ్గర ఉస్మాన్‌నగర్‌లో నీళ్లు నెలల తరబడి ఇళ్లలోనే ఉన్నాయి. మొదటి అంతస్తు ఉన్నవాళ్లు పైకి చేరి, తాడుతో బియ్యం పైకి లాక్కుని బతికారు. మిగతావాళ్లు ఇల్లు వదిలేసి అద్దెకు పోయారు.

ఆ వారం బస్తీల్లో పని చేసిందెవరు? మసీదు కమిటీలు డేగ్‌లు ఎక్కించి వండాయి. గురుద్వారాల నుంచి భోజనాలు వచ్చాయి. బోనాల కమిటీల కుర్రాళ్లు ట్రాక్టర్ ట్యూబుల మీద ముసలివాళ్లను దాటించారు. పొదుపు సంఘాల ఆడవాళ్లు ఏ ఇంట్లో బాలింత ఉంది, ఏ ఇంట్లో మంచం దిగలేని మనిషి ఉన్నాడు అన్నది నోటి లెక్కతో చెప్పారు. విపత్తు నిర్వహణ పుస్తకాల్లో సంస్థ అంటే ఏమిటని రాసి ఉంటుందో, అవన్నీ అక్కడ అప్పటికే ఉన్నాయి. మా దృష్టిలో మాత్రం అవి సంస్థలు కావు. మతం వాళ్లు, పండగ వాళ్లు, చిట్టీల వాళ్లు. నీళ్లు తగ్గాక వరదలపై మేం పెట్టిన రౌండ్ టేబుల్‌లో నాలాల వెడల్పు మీద, మాస్టర్ ప్లాన్ మీద, ఉపగ్రహ చిత్రాల మీద గొప్ప చర్చ జరిగింది. 2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ సంస్థ నాలాల మీద ఇచ్చిన నివేదిక మళ్లీ బల్ల మీదికి వచ్చింది. బాలాపూర్ నుంచి ఒక్కరినీ పిలవలేదు. ప్రభుత్వం ఇంటికి 10 వేల రూపాయల సాయం ప్రకటించినప్పుడు మీసేవ కేంద్రాల ముందు ఆడవాళ్లు తెల్లవారకముందే వరసల్లో నిలబడ్డారు. అద్దెకున్నవాళ్లకు, ఆధార్ వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు సాయం ఎలా అందాలన్న ప్రశ్న మా తీర్మానాల్లో లేదు. కార్బన్ గురించి ఉంది.

ఏటా సెప్టెంబరు 28న ఉస్మానియా ఆసుపత్రిలో ఒక చింతచెట్టు కింద సభ జరుగుతుంది. 1908లో అదే తేదీన మూసీ పొంగి 15 వేల మందిదాకా చనిపోయారు. ఆ చెట్టెక్కి 150 మందిదాకా బతికారు. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ ఆ వరద పట్టుకుపోయింది. ఆ విషాదం తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఈ చరిత్ర మాలో చాలామంది కళ్లు మూసుకుని చెప్పగలరు. ఆ సభకు వెళ్లడం నాకు ఇప్పటికీ ఇష్టం, అది ఆగకూడదు. అయితే 2020లో పోయినవాళ్ల కోసం ఏ చెట్టు కిందా ఏ సభా లేదు. 2025లో సరిగ్గా ఆ సంస్మరణకు ముందు రోజు, సెప్టెంబరు 27 తెల్లవారేసరికి, జంట జలాశయాల గేట్లు ఎత్తిన నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి. బస్టాండు మునిగిన ఫొటో దేశమంతా చూసింది. అక్కడికి కూతవేటు దూరంలో మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లు కూడా మునిగాయి. గేట్లు ఎత్తుతున్నారన్న కబురు ఏ ఇంటికి ఎవరి ద్వారా, ఎన్ని గంటల ముందు అందాలి అన్నది వాతావరణ కార్యాచరణలో మొట్టమొదటి పాఠం. ఆ చిన్న ఏర్పాటు కూడా మేం బస్తీలతో కూర్చుని చేసుకోలేదు, ప్రభుత్వం చేత చేయించనూ లేదు.

ఇక అన్నిటికంటే బరువైన సంగతి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆగస్టులో మాదాపూర్ తుమ్మిడికుంటలో పెద్ద కన్వెన్షన్ హాలు కూలినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో సంబరమే సంబరం. ఇరవై ఏళ్లుగా అడుగుతున్నది జరిగిందన్న ఆనందం అది, అందులో తప్పు లేదు. సెప్టెంబరులో సున్నం చెరువు దగ్గర గుడిసెలూ షెడ్లూ కూలాయి. కూకట్‌పల్లి నల్లచెరువులో క్యాటరింగ్ సామాన్లు పెట్టుకున్న చిన్న వ్యాపారుల షెడ్లు, సామాను తీసుకునే గడువు కూడా సరిగా ఇవ్వకుండా తీసేశారని వాళ్లు ఏడ్చారు. ఆ వీడియోలూ మా గ్రూపుల్లోకి వచ్చాయి. ఈసారి సంబరం లేదు, నిరసనా లేదు. ‘చెరువు చెరువే కదా’ అని ఒకరు రాశారు. మిగతావాళ్లు బొటనవేళ్లు పెట్టారు.

ఆ నెలాఖరులో అధికారులు మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ ఎక్స్’ అని రాయడం మొదలుపెట్టారు. నది గర్భంలో ఉన్న ఇల్లు అని దాని అర్థం. చాదర్‌ఘాట్ పక్క గల్లీలో ఒక ఇంటి తలుపు పక్కన ఆ గుర్తు కింద కరెంటు మీటరు ఉంది, నల్లా కనెక్షన్ ఉంది, జీహెచ్ఎంసీ వేసిన ఇంటి నంబరు ఉంది. ఇంటి పన్ను రసీదులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ తీసి చూపించింది ఆ ఇంటావిడ. ఓటుకు పనికొచ్చిన ఇల్లు, పన్నుకు పనికొచ్చిన ఇల్లు ఇప్పుడు నది ఎలా అయిందని అడిగింది. కొందరికి మలక్‌పేట పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు దగ్గరలోనే దొరికాయి. అంత దగ్గరలో దొరకని వాళ్లకు పిల్లల బడి, ఇళ్లలో పని, అప్పు పుట్టే కిరాణా కొట్టు అన్నీ ఒక్కసారే దూరమయ్యే పరిస్థితి. మా సంఘాలు ఏం చేశాయి? మూసీ బాగుపడాలా వద్దా అన్న చర్చలో మునిగిపోయాయి. నది బాగుపడాలి, అందులో రెండో మాట లేదు. వరద దారిలో ఉన్న ఇంటి నుంచి మనిషి క్షేమంగా బయటికి రావాలి, అందులోనూ రెండో మాట లేదు. ఎక్కడికి రావాలి, ఎప్పుడు రావాలి, ఎవరిని అడిగి కదలాలి అన్న ప్రశ్నలు అడగడానికి మాకంటే అనువైనవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే మా మాటను అధికారులు వింటారు. మేం వినిపించింది నీటి నాణ్యత లెక్కలు. వాతావరణం పేరు చెప్పగానే బస్తీ మనిషికి బుల్డోజరు గుర్తొస్తుందంటే ఆ భయం కల్పించడంలో మా మౌనానికీ వాటా ఉంది. అలా భయపడ్డ మనిషిని మళ్లీ చెట్లు నాటే కార్యక్రమానికి పిలిచి, రాలేదేమని నొచ్చుకున్నాం.

చెత్త సంగతి క్లుప్తంగా చెప్తాను. తడి, పొడి వేరు చేయడం గురించి మేం చెప్పని చోటు లేదు. వేరు చేసే పని ఇంటి పనిమనిషి మీద పడింది. తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో మీద నిలబడి భార్యాభర్తలిద్దరూ చేతులతో మళ్లీ ఏరుకుంటారు. చివరికి అంతా జవహర్‌నగర్ గుట్టకు చేరుతుంది. దమ్మాయిగూడ, నాగారం వైపు రాత్రి గాలి మళ్లితే తలుపులు మూసుకున్నా వాసన ఆగదు. ఆ ఊళ్ల వాళ్లు ఎన్నో ఏళ్లు ధర్నాలు చేశారు. కేబీఆర్ పార్కు చెట్ల కోసం 2016లో చేతులు పట్టుకుని నిలబడ్డ మాలో ఎంతమంది జవహర్‌నగర్ ధర్నాలో కూర్చున్నారు? కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం 2025లో నగరం కదిలింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లి నరకడం ఆగింది, అందుకు గర్వపడుతున్నాను. ఆ గర్వం పక్కనే ఈ ప్రశ్న కూడా ఉంది. మా చెత్త ఎవరి ముంగిట్లో పోస్తున్నారో వాళ్ల పోరాటం మాకు ఎందుకు పర్యావరణ పోరాటంగా కనిపించలేదు?

రవాణా కూడా అంతే. ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో ప్రారంభమైంది. మెచ్చుకుంటూ రాసినవాళ్లలో మేమున్నాం. నిజంగా రోజూ సైకిల్ తొక్కే మనిషి, అంటే వాచ్‌మన్, పాలవాడు, తాపీ పనివాడు, ఆ ట్రాక్ దగ్గరికి వెళ్లాలంటే ముందు 20 కిలోమీటర్లు లారీల మధ్య తొక్కాలి. మెట్రో మొదటి దశలో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయాల్సిన లైను ఆగిపోయింది. మిగతా నగరంలో 2020 నాటికి రైళ్లు తిరుగుతుంటే, పాతబస్తీ లైనుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగరంలో వెయ్యిదాకా బస్సులు తగ్గించారు. బస్సు తగ్గడం అంటే పొగ పెరగడమని తెలిసిన మేం, ఆ బస్సుల కోసం ఒక్క సంతకాల సేకరణ కూడా నడపలేదు. మాలో బస్సెక్కేవాళ్లు తక్కువ.

బస్తీ దూరంగా ఉందని, అందుకే తెలియలేదని సాకు చెప్పే వీలు కూడా మాకు లేదు. మా అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లో లిఫ్టు పక్కన, మోటార్ల గది గోడకు ఆనుకుని, వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. పది అడుగుల గది. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు. కిటికీ పార్కింగ్‌లోకి తెరుచుకుంటుంది, కార్ల పొగ లోపలికి వస్తుంది. పెద్ద వాన పడితే ర్యాంపు మీంచి నీళ్లు ముందు ఆ గదిలోకే దిగుతాయి. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు మంచం మీదికి ఎక్కించి, ఆ మనిషి మోటారు వేసి నీళ్లు తోడతాడు, ముందు కార్లు తడవకుండా. మా సొసైటీలు ఇంకుడు గుంతలు తవ్వించాయి, సోలార్ పెట్టించాయి, ఈ-చార్జింగ్ పాయింట్లు పెట్టించాయి. వాటి నిర్వహణ బాధ్యత వాచ్‌మన్‌దే. సర్వసభ్య సమావేశాల మినిట్స్ తీసి చూస్తే, ఆ గదిని పైకి మార్చాలన్న అంశం ఎజెండాలోకి ఎక్కిన అపార్ట్‌మెంట్లు అరుదు.

మాలో మేం మాట్లాడుకునేటప్పుడు రెండు మాటలు అంటుంటాం. వాళ్లకు బతుకుదెరువే పెద్ద సమస్య, వాతావరణం గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది అని ఒకటి. పిలిచినా రారు అని రెండోది. మొదటి మాటలో దయ ఉన్నట్టుంటుంది, కానీ అది అబద్ధం. కూలికి పోతే వడదెబ్బ, ఇంట్లో ఉంటే వరద భయం, నల్లా రాకపోతే బిందె పట్టుకుని ట్యాంకర్ వెంట పరుగు, ఇవే బతుకుదెరువు సమస్యలు. వాతావరణం వాళ్లకు వేరే సబ్జెక్టు కాదు, ఆ రోజు కూలి దొరికిందా లేదా అన్నదే. రెండో మాటకు జవాబు మేం చూశాం. కోవిడ్ లాక్‌డౌన్‌లో రేషన్ ఎవరికి అందలేదో చెప్పమంటే బస్తీల్లో గంటలో జాబితా తయారైంది. తమ ఇంటికి, తమ గల్లీకి సంబంధించిన మాట తేలే చోటికి ఎవరైనా వస్తారు. అంతా తేల్చేశాక చప్పట్లు కొట్టడానికి పిలిస్తే రారు, రాకూడదు కూడా.

కూర్చునే చోటు చట్టంలో ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే వార్డు కమిటీల మాట చెప్పింది. 2020 అక్టోబరులో జీహెచ్ఎంసీ చట్టం సవరించినప్పుడు ప్రతి వార్డులో నాలుగు కమిటీలు, యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి, ఉండాలన్నారు. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నారు. ఆ పది శాతం ఏ వార్డులో ఎలా ఖర్చవ్వాలో ఆ కమిటీల్లో బస్తీ ఆడవాళ్లు కూర్చుని చెప్పి ఉంటే, రోడ్డు డివైడర్ మీద పూలమొక్కలకంటే ముందు బస్టాపుకు నీడ, బడి కప్పుకు సున్నం, నాలాకు గోడ వచ్చి ఉండేవి. 2022లో ప్రపంచ హరిత నగరం అవార్డు హైదరాబాద్‌కు వచ్చినప్పుడు, ఆ గుర్తింపు దక్కింది ఔటర్ రింగ్ రోడ్డు పచ్చదనానికి. మేం అభినందనలు తెలిపాం. వార్డు కమిటీలు ఎక్కడున్నాయని ఆ అభినందన లేఖలో ఒక వాక్యం కలిపి ఉండొచ్చు. కలపలేదు.

2025 చివర్లో చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలూ కార్పొరేషన్లూ జీహెచ్ఎంసీలో కలిశాయి. ఉస్మాన్‌నగర్ ఉన్న జల్‌పల్లి కలిసింది, దమ్మాయిగూడ కలిసింది, జవహర్‌నగర్ కలిసింది. వార్డులు 300 అయ్యాయి. ఈసారి కమిటీలు వేస్తే ‘ప్రముఖ పౌరులు’ కింద ఎవరి పేర్లు పంపాలన్న చర్చ మా సంఘాల్లో అప్పుడే మొదలైంది. ఇంజినీర్ గారి పేరు వచ్చింది, ప్రొఫెసర్ గారి పేరు వచ్చింది, నా పేరూ వచ్చింది. ఉస్మాన్‌నగర్‌లో నెలల తరబడి నీళ్ల మధ్య ఇరవై ఇళ్లకు మందులు అందించిన పొదుపు సంఘం లీడర్ పేరు ఎవరూ అనలేదు. ఆమె ఫోన్ నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు.